పీకి చూడటం

ఇంజిన్ వణుకుతుంటే, అది నడుస్తుండగానే, దానిలోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లకు తగిలించిన కరెంటు ప్లగ్గులు ఒక్కొక్కటే పీకి, మళ్ళీ పెట్టాలి. పీకగానే ఇంజిన్ తడబడితే ఆ ఇంజెక్టర్ మంచిది. ఏ మార్పూ లేకపోతే అది ఉన్నా లేనట్టే, విప్పి అవతల పడేయాల్సిందే. తమ కార్ల షెడ్డులో ఈ పని ఎప్పుడూ ఆమెదే. బయట కుర్చీలో కూర్చున్న భర్త కార్లవాళ్ళతో "నేను చూసి చెప్తా సార్" అంటాడు. లోపలికొచ్చి "ఏదీ?" అంటాడు. ఆమె వేలితో చూపిస్తుంది. అతను బయటికెళ్ళి, గొంతు సవరించుకుని, తనే కనిపెట్టినట్టు చెప్తాడు. పెళ్ళైన కొత్తలో ఇది కూడా ఆమెకు ముద్దుగానే ఉండేది. ఏం చేస్తాం, వయసు అలాంటిది.

ఊరవతల పెద్ద వర్క్‌షాపు వాళ్ళు ఆమెను ఉద్యోగానికి రమ్మన్నారు. ముందు వారంపాటు అక్కడే ఉండి పని చేసి చూపించాలి, నచ్చితే పేరు కుట్టిన చొక్కా ఇస్తారు. ఆ కబురు విన్నప్పటి నుంచి ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు. భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండా, "వెళ్ళు, ఎవరాపారు? నువ్వు లేకపోతే షెడ్డు మూతపడుతుందా?" అన్నాడు. "ఇల్లు కూడా ఎక్కడికీ పోదులేమ్మా" అని అత్తగారు వంత పాడింది. పక్క గదిలో కూతురు ఆ వారంలోనే ఉన్న పరీక్షలకి చదువుకుంటోంది.

గుచ్చుకుంది. కానీ, పోనీ, తననే ఒకసారి పీకి చూడనీ అనుకుంది ఆమె. వేళకి టీ అందక, మాత్రలు ఎక్కడున్నాయో తెలియక, వణికే ఇంజిన్ ముందు ఏం చెప్పాలో తోచక తల్లీకొడుకులు బిక్కమొహాలు వేస్తే అప్పుడు తెలిసొస్తుంది. తన విలువ వాళ్ళ నోటితోనే వినాలన్న ఆశ ఇన్నేళ్ళకీ చావలేదు, అదీ ఆమె ఖర్మ.

వారం తర్వాత చొక్కా చంకలో పెట్టుకుని తిరిగొచ్చేసరికి భర్త అదే కుర్చీలో, చేతిలో వేడివేడి టీతో కూర్చుని ఉన్నాడు.

"చూశావా, ఏదీ ఆగలేదు. నిన్ను తలుచుకున్నవాళ్ళు కూడా లేరు" అన్నాడు నవ్వుతూ.

 ఆమె లోపలికి నడిచింది.

లోపల ఒక కారు ఇంజిన్ నడుస్తోంది. జుట్టుకి పాత గుడ్డ చుట్టుకుని, మోచేతుల దాకా నల్లటి మరకలతో, కూతురు దాని మీదకి వంగి ఉంది.

"నీ పరీక్షలేమయ్యాయి?" అంది ఆమె.

"రాయలేదమ్మా. నువ్వు లేవు కదా, నాన్నమ్మకి వంట, ఇక్కడ ఈ పని... నేను లేకపోతే ఎవరు చేస్తారు? నీకంటే నా చెయ్యే నయమన్నాడు నాన్న."

పిల్ల మొహం వెలిగిపోతోంది.

ఆమె చొక్కాని మడిచి బల్ల కింద పడేసింది. "తప్పుకో. రేపటి నుంచి నేనే చూసుకుంటా. నువ్వెళ్ళి చదువుకో."

"ఎందుకమ్మా, నేను బాగానే చేస్తున్నాగా!" అని నొచ్చుకుంటూ కూతురు ఇంజిన్‌కి అడ్డంగా జరిగి, తల్లికి చోటివ్వకుండా నిలబడింది.