డబ్బాలో రెండో మనిషి

“ఈ డబ్బాల ఉన్నది ఒక్కరిది కాదు.”

సిస్టర్ గ్లోరీ ఆ మాట అనగానే అరుగు మీద ఉన్న నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డబ్బా అక్కడ లేదు. నిన్ననే నల్గొండ ల్యాబులో దాని పని అయిపోయింది. ఆమె చేతిలో ఉన్నది రిపోర్టు మాత్రమే. అయినా ముసలి రామమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

చెన్నయ్యకు రెండు కిడ్నీలూ పోయి ఏడాదిన్నర. వారానికి మూడుసార్లు డయాలిసిస్. పాలమూరు దిక్కు ఊరు వదిలి, దవాఖాన దగ్గరవుతుందని నార్కట్‌పల్లి పక్కనున్న అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. కిడ్నీ ఇచ్చేవాళ్లను వెతికి, పరీక్షలు చేయించి, ఫైలు నడిపించడం గ్లోరీ ఉద్యోగం. భార్య రక్తం కలవలేదు. ఇస్తామన్న చిన్నాయన కొడుకుల్లో ఒకడు ఫోన్ నంబరు మార్చాడు. ఇంకొకడు గొర్రెల మందతో సహా కర్ణాటకలో తేలాడు. చివరికి అక్క బీరమ్మ ముందుకొచ్చింది. అన్నీ కలిశాయి. సోమవారం హైదరాబాదులో అనుమతి కమిటీ. అది తప్పితే మళ్లీ రెండు నెలలకు. డయాలిసిస్ సూది దిగే నరం అప్పటిదాకా పనిచేస్తుందని ఏ డాక్టరూ చెప్పడం లేదు.

మిగిలింది ఒక్కటే పరీక్ష. ఇరవై నాలుగు గంటల మూత్రం ఐదు లీటర్ల డబ్బాలో పట్టి ఇవ్వాలి. అక్కడే కొంప మునిగింది.

“నాలుగు లీటర్ల ఎనిమిది వందలు!” గ్లోరీ రిపోర్టు చదివింది. “పైగా దాంట్ల చక్కెరుంది. బీరమ్మ రక్తం రెండుసార్లు చూసినం, ఆమెకు చక్కెర లేదు. ఎవరో కలిపిన్రు.”

“చక్కెర కలిపిన్రా?” బీరమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

“చక్కెర కాదమ్మా. చక్కెర జబ్బున్న మనిషి తనది కలిపిండు.”

“థూ!” అంది ఆమె అత్త రామమ్మ, కొంగు ఇంకాస్త బిగించి.

“పెద్ద డాక్టరుకు అనుమానమొచ్చింది. ఇచ్చే మనిషికో, ఇంటోళ్లకో ఇష్టం లేక కావాలనే చెడగొట్టిన్రంటున్నడు. ఎవరు కలిపిన్రో, ఎందుకు కలిపిన్రో తేలితేనే ఇంకో డబ్బా. నాలుగింటికి ఫోన్ చెయ్యాలె. లేకుంటే ఫైలు పక్కకు పెడ్తరు.”

చెన్నయ్య తల పైకెత్తాడు. “అక్కా, నీకు ఇష్టం లేకుంటే చెప్పు. నేనేం అనుకోను.”

“లేకుంటే నీ మొహం మీదనే చెప్తుంటి. చిన్నప్పుడు నీకు బెల్లం ముక్క గూడ ఇయ్యలే నేను.”

బీరమ్మ భర్త గిరి లుంగీ ఎగ్గట్టి లేచాడు. వెళ్లి గేటు గడియ పెట్టాడు. “నాలుగింటిదాక ఎందుకు సిస్టర్? దొంగను నేను పట్టిస్త. అమ్మా, ముందుగాల నువ్వే చెప్పు. ‘కోడలు కడుపు కోసుకుంటే నా బర్లకు గడ్డి ఎవరు కోస్తరు’ అని బోరింగు కాడ అన్నవా, లేదా?”

“అన్న. ఇప్పుడు గూడ అంట.” రామమ్మ కొంగు తీసేసింది. “అంటే డబ్బాల పోసినట్టేనారా? దాని మూతి ఇంతే ఉంటది. నా మోకాళ్లు వంగుతయా?”

గిరి అమ్మను వదిలేసి బామ్మర్ది వైపు తిరిగాడు. “అక్క మీద కత్తి పడొద్దని నువ్వు చేసినవేమో?”

“బావా, అంత పోసే తాకతే నాకుంటే ఈ కిడ్నీ ఎందుకే? దినమంత కలిపినా గ్లాసెడు రాదు.”

గ్లోరీ సంచిలోంచి చక్కెర చూసే మిషను తీసింది. “మాటలొద్దు. వేళ్లు పట్టండి.”

గిరికి ఉత్సాహం వచ్చింది. ఒక్కొక్కరి చేయీ పట్టి తనే ముందుకు లాగాడు. బీరమ్మకు తొంభై ఆరు. చెన్నయ్యకు నూట రెండు. రామమ్మ సూది దిగకముందే ఊరంతా వినబడేలా అరిచింది. నూట పద్దెనిమిది.

అందరూ సాఫ్.

“అయితే బయటోడే,” గిరి తేల్చేశాడు. “గోడ దుంకి వచ్చిండు.”

“గోడ దుంకి వచ్చి ఉచ్చ పోసి పోయిండా?” రామమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఇత్తడి బిందెలు మూడున్నయి, అవి ఇడిసిపెట్టి?”

“ఇంకొక వేలుంది,” అంది గ్లోరీ నెమ్మదిగా.

“నాదా? నేను ఎంక్వైరీ చేసేటోన్ని సిస్టర్.”

అప్పటికే రామమ్మ కొడుకు మణికట్టు పట్టేసింది. మోకాళ్లు వంగకపోయినా ఆ పట్టు మాత్రం వదల్లేదు. సూది దిగింది. మిషను ఐదు, నాలుగు, మూడు అని లెక్కపెట్టింది. నలుగురి తలలూ దాని మీదికి వంగాయి.

మూడు వందల ముప్పై ఆరు.

గేటు గడియ పెట్టింది గిరే. పారిపోవడానికి దారి లేదు.

“డబ్బ సగం గూడ నిండలే,” అన్నాడు చివరికి, నేల చూస్తూ. “పాల సెంటర్ల వెలితి డబ్బా పెడితే ఎట్ల చూస్తరో నాకెరుక. ఈమె కిడ్నీల దమ్ము లేదని వాపస్ పంపుతరేమోనని… జర నిండుగ చేసిన.”

“జరనా? ఎన్నిసార్లు?” అంది గ్లోరీ.

“ఆరుసార్లు.”

బీరమ్మ మొగుణ్ని కొట్టాలో నవ్వాలో తెలియక చెంగు నోట్లో కుక్కుకుంది. చెన్నయ్య మాత్రం పగలబడి నవ్వాడు. ఏడాదిన్నరలో అతను అంత గట్టిగా నవ్వడం ఇదే మొదలు.

“నీకు చక్కెరున్నదని నీకే తెల్వదు. రేపు నల్గొండకొచ్చి చూపించుకో,” అంటూ గ్లోరీ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. నాలుగుకు పది నిమిషాలు తక్కువ. జరిగిందంతా చెప్పింది. అవతల డాక్టరు దగ్గినట్టు వినిపించింది. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది.

“ఇంకో డబ్బా పట్టండి. గురువారానికి రిపోర్టు నా దగ్గరుండాలి. కావాలని చెడగొట్టలేదని ఫైల్లో రాస్తాను. ఇంతకీ కలిపింది ఎవరు? పేరు చెప్పండి.”

గ్లోరీ ఫోన్ బీరమ్మ ముందుకు జరిపింది.

“అయ్యో, మొగని పేరు నేనెట్ల చెప్త సిస్టర్?”

ఫోన్ చెన్నయ్య వైపు తిరిగింది. “మా బావ పరువు నేను తియ్య,” అని అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“హలో?” అన్నాడు డాక్టరు. “తెలిసిందా, తెలియలేదా?”

రామమ్మ ఫోన్ లాక్కుని నోటికి ఆనించుకుంది.

“తెలిసింది సారూ. పేరు పెట్టింది నేనే గనుక నేనే చెప్త, రాస్కో. గిరి! మా గిరిగాడు!”