పిన్నీసు గుచ్చని చీర

పొద్దున్నే రొట్టెలు తట్టి, మా ఆయనకి డబ్బా కట్టి, అత్తకి టీ పోసి, పొయ్యి ఆర్పేశాకే ఆ చీర ముట్టుకున్నాను. చేతులు సబ్బుతో కడిగి, తుడిచి, వాసన చూసుకుని మరీ. లోపలి చెంగుకి అంగడి చీటీ దారంతో కట్టి ఉంది. తెంపకుండా అలాగే నడుములో దోపుకున్నాను. పైటకి పిన్నీసు పెట్టలేదు. పట్టుకి ఒక్క చిల్లు పడినా అంగడివాళ్ళు వెనక్కి తీసుకోరు.

చీర జనార్ధన్ శెట్టి అంగడిది. ఆదోనిలో తెలిసినవాళ్ళకి ఆయన చీరలు ఇంటికిచ్చి పంపుతాడు, ఆడవాళ్ళు చూసి నచ్చనివి మర్నాటి సాయంత్రానికి తిప్పి పంపాలి. మా నాయన ఖాసిం సాబ్ ఆ అంగడికి ఎన్నో ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాడు. "ఇంట్లో ఆడోళ్ళకి సూపిచ్చి తెస్తా శెట్టీ" అని అబద్ధమాడి నిన్న తెచ్చాడు. నా చేతికిస్తున్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. "మరక పడకుండా సూసుకోమ్మా సల్మా. శెట్టికి తెలిసిందంటే ఇంగ నాకు యాడ దొరుకుతాది పని?" అన్నాడు. అప్పుడు పట్టుకున్న భయం ఇంతవరకూ వదల్లేదు.

నేను బంగారం తాకట్టు పెట్టుకునే కంపెనీలో కౌంటర్ దగ్గర పనిచేస్తాను. ఈరోజు ఎమ్మిగనూరులో కొత్త బ్రాంచి ఓపెనింగ్, జోనల్ మేనేజర్ వస్తున్నాడు. పోయిన వారం మేనేజర్ రమేష్ సార్ అందర్నీ నిలబెట్టి చెప్పాడు. "మగోళ్ళకి కోట్లు ఆఫీసే కుట్టిస్తాంది. ఆడోళ్ళంతా ఆకుపచ్చ పట్టుచీర, మెరూన్ అంచు." నా పక్క కౌంటర్ మేరి, "మరి మా చీరలు సార్?" అనడిగింది. "మీకేం తల్లీ, ఇంట్లో పట్టుచీరలు మూలుగుతాంటాయి కదా!" అందరూ నవ్వారు. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను. "అట్ల రానోళ్ళు మర్నాడు కౌంటర్‌కి కూడా రానక్కర్లేదు" అని ఆయన నవ్వుతూనే అన్నాడు.

ఇంట్లో మూలుగుతున్న పట్టుచీర ఒకే ఒక్కటి ఉండేది, నా పెళ్ళిది. అది మా ఆడబిడ్డ పెళ్ళిలో ఆమెతో పంపే పెట్టెలో సర్దేశారు. "ఇంట్లోదే కదా, నీదేంది నాదేంది" అంది మా అత్త రసూల్‌బీ, నన్ను అడగకుండానే. మా ఆయన యాసర్‌ని అడిగితే ఫోన్లోంచి తల ఎత్తకుండా, "నీ ఆఫీసు సోకులకు నేను దుడ్లు పెట్టాల్నా?" అన్నాడు. నా జీతం పడిన రోజే ఆయన ఖాతాకి వెళ్ళిపోతుంది. నా డబ్బులే నేను అడుగుతున్నానని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఉద్యోగం మానెయ్ అంటాడేమోనని. ఆ కౌంటర్ దగ్గర కూర్చున్న కాసేపే నన్ను పేరు పెట్టి పిలుస్తారు. మిగతా వేళంతా ఏమే, ఓయ్, రొట్టె ఏదీ. అది కూడా పోతే నేనేమైపోతానో అని నాకు నిజంగా భయం.

ఆఫీసు వ్యానులో సీటు మీద పేపరు పరుచుకుని కూర్చున్నాను. ఎమ్మిగనూరులో అందరికీ ఉగ్గాని, బజ్జీ పెట్టారు. కడుపులో ఆకలి కరకరలాడుతున్నా నూనె చేతుల వాళ్ళకి దూరంగా గోడ పక్కన నిలబడ్డాను. గోడకి ఆనుకోలేదు, సున్నం అంటుతుందని. గుమ్మం దగ్గర నన్ను గులాబీల పళ్ళెం పట్టుకుని నిలబడమన్నారు. పిన్నీసు లేని పైట జారుతూనే ఉంది. మోచేతితో అదిమి పట్టుకుంటే పళ్ళెం వంగుతుంది, పళ్ళెం సరిచేస్తే పైట జారుతుంది. వచ్చే మగవాళ్ళ చూపులు ఎక్కడ ఆగుతున్నాయో నాకు తెలుస్తూనే ఉంది. నడుములో అంగడి చీటీ గుచ్చుకుంటోంది. సాయంత్రం దాకా ఎలాగోలా గడిస్తే చాలు అనుకుంటూ ఉన్నాను.

అప్పుడొచ్చాడు రమేష్ సార్, చేతినిండా బ్యాడ్జీలతో. కంపెనీ గుర్తు, వెనక లావుపాటి పిన్ను. మగవాళ్ళు కోట్లకి టకటకా గుచ్చుకున్నారు. మేరి తన చీరకి పెట్టుకుంది. నాకిచ్చింది నేను పళ్ళెం అంచున పెట్టాను.

"అదేంది సల్మా, పెట్టుకో. జోనల్ సార్ కారు సందు తిరిగింది."

"చేతులు ఖాళీ లేవు సార్. తర్వాత పెట్టుకుంటా."

"నేను పెడతాలే, కదలొద్దు" అంటూ మేరి బ్యాడ్జి తీసి నా భుజం మీదికి వంగింది. పిన్ను మొన పట్టుని తాకింది. నాకు కళ్ళ ముందు మా నాయన కనిపించాడు, శెట్టి ముందర తల వంచుకుని, ఆ చిల్లు మీద బొటనవేలు పెట్టుకుని. పళ్ళెం వదిలేసి మేరి చెయ్యి పట్టేసుకున్నాను. గులాబీలు గుమ్మంలో చెల్లాచెదురుగా పడ్డాయి.

"ఏమైందమ్మా నీకు?" రమేష్ సార్ గొంతు మారింది. "చీరకు బ్యాడ్జి పెట్టుకోనీకి ఇంత రచ్చనా? ఇష్టం లేకుంటే చెప్పు, ఇంటికి పోదువు."

చీర అరువుదని చెబితే నవ్వుతారు. చెప్పకపోతే గుచ్చుతారు. ఉద్యోగం పోతే ఇంట్లో ఏమంటారో కూడా ఆ క్షణంలోనే తలపుకొచ్చింది. బయట కారు ఆగిన చప్పుడైంది. జారిన పైటని రెండు చేతులా సర్దుకున్నాను. ఆయన కోటు మీద మెరుస్తున్న బ్యాడ్జిని చూశాను.

"నా ఒంటి మీద ఆఫీసు కొన్న గుడ్డ ఏదన్నా ఉంటే చూపించండి సార్. దానికి గుచ్చుకుంటా."