కంటిలో సున్న

అయినా అది తను పుట్టించిన అబద్ధం కాదు. నాన్న పుట్టించిందే. తొమ్మిదేళ్ళ కిందట, నడివీధిలో, నిచ్చెన పక్కన నిలబడి, నలుగురి ముందూ ఆయన తన నోటితో అన్న మాటే. తను దాన్ని ఎత్తి కాగితం మీద పెట్టింది, అంతే. ఎత్తి పెట్టడం వేరు, పుట్టించడం వేరు. ఈ వాదన పొద్దున స్నానం చేస్తున్నప్పుడు బాగానే నిలబడింది. బస్సులో కాస్త ఒరిగింది. ఇప్పుడీ నడవాలో, చెక్క బెంచీ మీద నాన్న పక్కన కూర్చున్నాక, మోకాళ్ళు విరిగి కూలబడింది.

"పొల్లూ," అన్నాడు నాన్న, "ఆ బోర్డు రాసినవాడెవడో తిండి లేక రాశాడే. 'కార్యాలయము' అన్నచోట ఆ చివరి కొమ్ము చూడు, ఎంత నీరసంగా వేలాడుతోందో."

"మెల్లిగా నాన్నా."

"మెల్లిగానే అన్నాను. కొమ్ముకి వినబడిందంటావా?"

పొల్లు నవ్వలేదు. చిన్నప్పుడు మాటల చివర అచ్చులు మింగేసి 'నాన్' అనీ 'పాల్' అనీ అనేది కాబట్టి, అచ్చు తీసేసిన అక్షరం నెత్తిన పెట్టే గుర్తు పేరే ఆయన కూతురికి పెట్టుకున్నాడు. ఆమెకి పద్దెనిమిదేళ్ళు వచ్చాయి. ఆ పేరు మాత్రం వదల్లేదు.

నాన్న ముప్పై ఏళ్ళుగా బోర్డులు రాస్తున్నాడు. వీధిలో నడిస్తే మనుషుల్ని చూడడు, దుకాణాల నెత్తిన అక్షరాల్ని చూస్తాడు. కనబడింది కనబడినట్టు పైకి చదువుతాడు. చీటీలు, ధరల పట్టీలు, 'ఇచ్చట ఉమ్మరాదు'లు, ఏదీ వదలడు. పొద్దున పేపరు చివరి పేజీ చివరి గడిలో అచ్చేసినవాడి చిరునామా దాకా చదివితేగాని లేవడు. అలాంటి మనిషి ఇప్పుడు గోడ మీద నోటీసుల్ని వరసగా చదువుకుంటూ వస్తున్నాడు. కార్యాలయం తలుపు బార్లా తెరిచే ఉంది.

"దరఖాస్తులో తప్పుడు వివరములు ఇచ్చినవారి సీటు రద్దు చేయబడును," అని చదివాడు నాన్న. "బాగుంది. 'రద్దు'లో ద వత్తు చక్కగా కుదిరింది."

లోపల్నుంచి గుమస్తా ఫైలు పట్టుకుని బయటికొచ్చింది. పొల్లు గట్టిగా దగ్గింది. గుమస్తా వెళ్ళిపోయేదాకా దగ్గుతూనే ఉంది.

"ఏమైందే?"

"తలనొప్పిగా ఉంది నాన్నా. కాసేపు ఊరికే కూర్చుందాం."

ఆయన వెంటనే నోరు మూసుకున్నాడు. అరచేయి తీసి ఆమె నుదుటి మీద పెట్టాడు. చేతికి టర్పెంటైన్ వాసన. ఎన్ని సబ్బులు అరగదీసినా పోని వాసన. ఆ చెయ్యి తీసేస్తే బాగుండునని అనిపించింది పొల్లుకి. తీసేశాక, ఎందుకు తీశాడా అనిపించింది.

ఆ తలుపు వెనక ఉన్నది అక్షరాల రూపాలు గీయడం నేర్పే బడి. పుస్తకాల్లో, ఫోన్లలో, రైలు టిక్కెట్ల మీద కనబడే అక్షరాల్ని ఎవరో ఒకరు ఒక్కొక్కటిగా గీస్తారని పొల్లుకి పన్నెండో ఏట తెలిసింది. ఆ రోజునుంచీ ఆమెకి ఇంకో పని మీద మనసు పోలేదు. ఉన్నవి పన్నెండు సీట్లు. దరఖాస్తుతో బొమ్మలు పంపమన్నారు. బొమ్మలతోపాటు నాలుగు ప్రశ్నలకి జవాబు రాయమన్నారు. నువ్వెవరు? నీ ఇంటి నుంచి నీకేం వచ్చింది? నీకు ప్రాణమైన పని ఏది? ముందు ముందు ఏం చేస్తావు?

మొదట ఉన్నదున్నట్టే రాసింది. నాన్న బోర్డులు రాస్తాడు. రోజూ పేపరు పైకి చదువుతాడు. నాకు అక్షరాలంటే ఇష్టం. తిరిగి చదివి చూసుకుంటే అది ఎవరి ఇల్లైనా కావచ్చు, ఎవరి కూతురైనా కావచ్చు అనిపించింది. నువ్వెవరు అని అడిగినచోట ఎవరూ లేరు. 'పేపరు చదువుతాడు' అన్న ముక్క కొట్టేసింది. కొట్టేసినచోట చెయ్యి దానంతటదే ఇంకో వాక్యం రాసింది.

'మా నాన్నకు అక్షరాలు రావు. ఆయన చేతికి వచ్చు.'

ఆ తర్వాత పేజీలు నీళ్ళలా వచ్చాయి. అర్థం తెలియని గీతల్ని జీవితమంతా ప్రేమగా దింపిన మనిషి, ఆయన గీసినదాన్ని చదివిపెట్టే కూతురు. లేని నాన్న కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఉన్న నాన్న పక్కగదిలో పేపరు తిరగేస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది. అన్నిటికన్నా ఆమెను కాల్చేది అదే. రాసినందుకు కాదు, రాస్తున్నంతసేపూ బాగున్నందుకు. ఆ వాక్యం బాగుంది. ఈ క్షణాన కూడా, తప్పంతా తెలిసి కూడా, తలుచుకుంటే బాగుంది.

పోయిన వారం బడి పెద్దావిడే స్వయంగా ఫోన్ చేసింది. "మీ నాన్నగారి గురించి రాసింది మేమంతా చదివామమ్మా. చేరే రోజు ఆయన్ని తప్పకుండా తీసుకురా. చూడాలని ఉంది."

బొమ్మలు చూసి సీటిచ్చారని ఇంట్లో చెప్పింది పొల్లు.

ఈ పొద్దున గడప దాటబోతూ నాన్న జేబులోంచి పెన్ను లాగేసుకుంది. కొత్త చొక్కా, సిరా కారుతుందని చెప్పి తన సంచిలో వేసుకుంది. అమ్మ వంటింట్లోంచే చూసింది. "జేబులో పెన్ను లేకపోతే మీ నాన్న ఒక పక్కకి ఒరిగిపోతాడే. దారిలో కాస్త పట్టుకో," అంది. నాన్న నిజంగానే ఒక పక్కకి ఒరిగి నాలుగడుగులు నడిచి చూపించాడు. ముగ్గురూ నవ్వారు. పొల్లు నవ్వు అందరికన్నా ఆఖరున ఆగింది.

తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ ఊళ్ళో ఒక వీధిలో కళ్ళ డాక్టరు కొత్తగా ఆస్పత్రి పెట్టాడు. 'కంటి వైద్యశాల' అని నీలం మీద తెల్లటి అక్షరాలు, మనిషంత పొడుగు బోర్డు. నాన్న సుద్దతో అక్షరాల అంచులు గీసిచ్చాడు. లోపల రంగు నింపే పని మొదటిసారి పొల్లుకి ఇచ్చాడు. అప్పటిదాకా డబ్బా మూతలు తీయడం, బ్రష్షులు కడగడమే ఆమె పని. ఇచ్చేముందు ఆయన చెప్పింది ఒక్కటే. "ముందు చదువు. తర్వాత నింపు. అర్థం తెలియకుండా నింపితే అక్షరం వంకరపోతుంది."

చదివింది. కాని 'క' నింపుతుంటే మోచేయి తగిలి పక్కనున్న సుద్ద సున్న చెరిగిపోయింది. చెప్తే బ్రష్షు లాగేసుకుంటాడేమోనని, మిగిలిన మరక కూడా గుడ్డతో శుభ్రంగా తుడిచేసింది. తర్వాత అడిగి గీయించుకుందామనుకుంది. నాన్న ఇంకో చోట గోడ రాయడానికి వెళ్ళాడు. ఆయన వచ్చేలోపల డాక్టరు మనుషులు బోర్డుకి కాగితాలు చుట్టి తీసుకుపోయారు.

మర్నాడు పొద్దున పిలుపొచ్చింది. బోర్డు పైకెక్కి ఉంది. 'క'కీ 'టి'కీ మధ్య పన్ను ఊడినంత ఖాళీ. కటి వైద్యశాల. అప్పటికే ఒక పెద్దాయన నడుం పట్టుకుని లోపలికొచ్చి, ఇక్కడ నడుం నొప్పికి చూస్తారటగా అని అడిగాడట. బయట పదిమంది చేరి నవ్వుతున్నారు. "కళ్ళు కనబడనివాళ్ళే కదా వచ్చేది, వాళ్ళకేం తెలుస్తుందిలే," అంటున్నాడు ఒకడు.

డాక్టరు మొహం కందగడ్డలా ఉంది. "అసలు చదువొచ్చా నీకు?" అని అడిగాడు.

నాన్న బోర్డు వైపు చూశాడు. నిచ్చెన వెనక రంగుడబ్బా పట్టుకుని నిలబడ్డ పొల్లు వైపు చూశాడు. ఆమె బోర్డు వైపు చూడకుండా డబ్బా మూతకేసే చూస్తోంది.

"రాదండి," అన్నాడు. "తమరు కాగితం మీద రాసిచ్చింది చూసి, బొమ్మ దింపినట్టు దింపుతానండి. ఎక్కడో గీత జారిపోయింది."

డాక్టరు కోపం ఒక్కసారిగా గాలి తీసినట్టు దిగిపోయింది. చదువురానివాడు ఇంత చక్కగా రాశాడా అని ఆశ్చర్యపోయాడు, తనే నిచ్చెన పట్టుకున్నాడు. నాన్న ఎక్కి సున్న పెట్టి దిగాడు. ఆ రోజునుంచి ఆ వీధికి ఆయన సున్నా గారు. ఆ వీధిలోంచి వెళ్ళాల్సొస్తే పేపరు మడిచి చంకలో దాచుకునేవాడు. "ఇంట్లో అచ్చేసినవాడి చిరునామా కూడా వదలడు, ఆ వీధిలో మాత్రం వేలిముద్ర గాడు," అని అమ్మ ఆటపట్టించేది.

ఆ రోజు తిరిగొస్తూ పొల్లు ఏడ్చింది. తనే చేసిందని డాక్టరుకి ఎందుకు చెప్పలేదని అడిగింది. నాన్న సైకిలు తొక్కుతూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "చెప్తే రేపట్నుంచి నువ్వు బ్రష్షు ముట్టుకోవు. పోతే పోయింది, నా చదువేగా."

"రండి, లోపలికి రండి," అంది గుమస్తా తలుపు దగ్గర నిలబడి.

పెద్దావిడ కుర్చీలోంచి లేచింది. తల ముగ్గుబుట్ట, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. నాన్న ఎదురుగా వచ్చి, చెవిటివాడితో మాట్లాడినట్టు ఒక్కొక్క మాటా విడదీసి, గట్టిగా అంది. "మీ... అమ్మాయి... చాలా... బాగా... రాసింది."

ఆవిడకి వినికిడి తక్కువేమో అనుకున్నాడు నాన్న. ఆయనా అంత గట్టిగానే, అంత నెమ్మదిగానే జవాబిచ్చాడు. "సంతోషం... అమ్మా. చిన్నప్పట్నుంచి... అంతే."

ఇద్దరూ మర్యాదగా ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే పొల్లు నేలకేసి చూసింది. నేల మీద నలుపు తెలుపు పలకలు. నలుపు ఒకటి, తెలుపు ఒకటి. ఇప్పుడే చెప్పేయొచ్చు. ఇప్పుడు. లేకపోతే ఆ తలుపు దాకా వెళ్ళే లోపల. లేకపోతే చేరిపోయాక, ఒక నెల ఆగి, వాళ్ళకి తన పని నచ్చాక. తర్వాత అడిగి గీయించుకుందాం అనుకున్నట్టే.

గుమస్తా బల్ల మీద కాగితాల కట్ట పెట్టింది. పై కాగితం అడుగున ఉన్న ఒక వాక్యం మీద వేలు పెట్టి, నాన్నకి వినిపించేలా చదివింది. "'పైన మా అమ్మాయి రాసినదంతా నిజమని నేను ధ్రువీకరిస్తున్నాను.' అంతేనండి, భయపడాల్సిందేం లేదు. ఇక్కడ వేలు పెడితే చాలు." సిరా డబ్బా తెరిచి ఆయన ముందుకి జరిపింది. చాలా ప్రేమగా జరిపింది.

నాన్న చెయ్యి అలవాటుగా జేబు దగ్గరికి పోయింది. ఖాళీ. సిరా డబ్బా వైపు చూశాడు. అర్థం కాలేదు. తర్వాత కాగితం వైపు చూశాడు. పై సగమంతా పొల్లు చేతిరాతే.

చదివేవాడి కళ్ళు దాగవు. అవి మొదటి వరస చివరిదాకా పోయి, తిరిగొచ్చి, రెండో వరస అందుకున్నాయి. పొల్లు ఆ కళ్ళతోపాటే వెళ్ళింది. ఏ మాట దగ్గర ఉన్నాయో ఆమెకి తెలుసు. రావు. ఆయన. చేతికి. అక్కడ ఆగాయి. ఆ ఆగడంలో ఆయన మొహం ఏమీ మారలేదు. చెవి వెనక, ఎప్పుడూ పెన్సిలు ఉండే చోట, ఒకసారి గోక్కున్నాడు.

ఆమె వైపు చూస్తాడనుకుంది. చూస్తే బాగుండును. చూడలేదు.

"ఏ వేలు పెట్టాలండి?" అన్నాడు.

అదే గొంతు. తొమ్మిదేళ్ళ కిందట నిచ్చెన పక్కన 'రాదండి' అన్న గొంతు. ఇంటికెళ్ళాక అమ్మతో దీన్నొక నవ్వులాట చేసి చెప్తాడు. కూతుర్ని ఒక్క మాట అనడు. రేపట్నుంచి ఈ వీధిలో కూడా పేపరు మడిచి చంకలో పెట్టుకుంటాడు. తను నాలుగేళ్ళు ఇక్కడ అక్షరాలు నేర్చుకుంటుంది, 'ముందు చదువు, తర్వాత నింపు' అని నేర్పినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టి.

"ఎడమ చేతి బొటనవేలండి," అంది గుమస్తా.

పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని, మెచ్చుకోలుగా చూస్తోంది. గోడ మీది నోటీసు తలుపులోంచి కనబడుతోంది. రద్దు. ద వత్తు చక్కగా కుదిరింది. నాన్న చొక్కా చెయ్యి ఒక మడత పైకి లాగి, బొటనవేలు చాపి, సిరా మీదికి వంచాడు.

పొల్లు చెయ్యి చాపి సిరా డబ్బా మూత మూసింది. టక్కుమంది. తర్వాత సంచిలోంచి పెన్ను తీసి, మూత ఊడదీసి, నాన్న వేళ్ళ మధ్య పెట్టింది.