వచ్చేటోడా, పోయేటోడా

"అమ్మా, ఒక్క గ్లాసు మంచినీళ్ళు ఇప్పిస్తరా?" అని ప్రభుదాస్ అడగ్గానే తనిఖీ మొదలైందని స్వర్ణలతకు అర్థమైంది.

ఆయనకు దాహం లేదు. ఏ.ఎస్. రావు నగర్‌లోని ఈ ఇంటి మెట్లెక్కే ముందే బండి పక్కన నిలబడి సీసా మొత్తం ఖాళీ చేశాడు. నీళ్ళడిగితే ఇల్లాలు వంటింటి తలుపు తీస్తుంది. సోఫాలో కూర్చున్న మనిషి మెడ కొంచెం వంచితే చాలు, లోపల గట్టు మీద ఏముందో కనబడుతుంది. ప్రభుదాస్ మెడ అందుకే పుట్టినట్టు ఉంటుంది. సన్నగా, పొడుగ్గా, గొంతు దాకా బొత్తాం పెట్టిన తెల్లచొక్కాలోంచి పైకి పొడుచుకొచ్చి, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది.

ఇల్లాలు సలోమి గ్లాసు తెచ్చేలోగా ఆయన చూడాల్సింది చూసేశాడు. రేపటి ఇడ్లీలకు నానబోసిన మినపప్పు. కిటికీలో కొబ్బరిచిప్పలో నాటిన పుదీనా. వరండాలో సగం దాకా రంగు వేసి వదిలేసిన గ్రిల్లు.

"వీసా పక్కాగ వస్తది గద సార్?" అన్నాడు ఇంటాయన జెరెమియా. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. "మా ఆమె యొర్దాను నది నీళ్ళు తెస్తనని గల్లీ మొత్తానికి చెప్పి పెట్టింది. వీసా రాకుంటే గీ నల్లా నీళ్ళే సీసాలల్ల పోసి పంచాలె."

"ఊకోండి, పాపం తగుల్తది," అంది సలోమి.

బయటికొచ్చాక ప్రభుదాస్ హెల్మెట్ పెట్టుకుంటూ ఒక్క మాట అన్నాడు. "వచ్చేటోళ్ళే. మిగతా సగం గ్రిల్లుకు రంగు వెయ్యనీకన్న వస్తడు."

స్వర్ణలత తలూపింది కానీ ఆమె ఈ ఇంట్లో గ్రిల్లు చూడలేదు, పుదీనా చూడలేదు. పొద్దుటినుంచి ఆమె చూస్తున్నది ప్రభుదాస్‌నే.

ఒలీవ ట్రావెల్స్ ఏటా ఎరూషలేము యాత్రకు గుంపులను పంపుతుంది. వీసా గుంపు మొత్తానికి కలిపి వస్తుంది. కలిసి వెళ్ళినవాళ్ళు కలిసే తిరిగి రావాలి. యాత్ర పేరుతో దిగి, అక్కడి ముసలివాళ్ళకు సేవ చేసే పనుల్లో కుదిరి, మళ్ళీ కనబడకుండా పోయేవాళ్ళున్నారు. ఒక్కరు తప్పిపోయినా పంపిన ట్రావెల్స్‌కు మళ్ళీ వీసాలు రావు. అందుకే దరఖాస్తు పెట్టిన ప్రతి ఇంటికీ ప్రభుదాస్ స్వర్ణలతను వెంటబెట్టుకుని వెళతాడు. యాత్ర టోపీ, సంచీ ఇవ్వడానికి వచ్చామంటాడు. నీళ్ళడుగుతాడు. బయటికొచ్చి "వచ్చేటోడు" అనో "పోయేటోడు" అనో చెబుతాడు. పోయేటోడని తేలినవాళ్ళ పేరు అక్కడితో ఆగిపోతుంది.

ఈ పొద్దున ఆఫీసు షట్టర్ సగం లేచి ఉండగానే ఓనర్ రోనాల్డ్ స్వర్ణలతను లోపలికి పిలిచాడు. "గుంపును తీస్కపోయే దేవానందం పాస్టర్ గారికి మోకాలు ఆపరేషన్ అయింది. ఈసారి గుంపు వెంట ప్రభుదాస్ పోతడు. ఆయనకు చెప్పిన, సంబురపడ్డడు. కానీ రూల్ రూలే. ఆయన ఇల్లు సుత చూడాలె. తెల్వకుండ చూడు. సాయంత్రం ఒక్క మాట చెప్పు, వస్తడా, రాడా."

"సార్, నాకు పని నేర్పిందే ఆయన."

"అందుకే నిన్ను పంపుతున్న. ఆయనకు ఇక్కడ ఎవరున్నరు చెప్పు? ఆయన అక్కడ ఉండిపోతే మనం షట్టర్ దించుకోవుడే. నా దుకాణం, నీ నౌకరి, రెండూ ఖతం."

స్వర్ణలత ఆ నౌకరి మీదే ఇంటి కిరాయి కడుతోంది, కూతురిని చదివిస్తోంది. ఇప్పుడు బండి నడుపుతూ అదే ఆలోచిస్తోంది. వెనక కూర్చున్న ప్రభుదాస్ ఫోన్ మోగింది.

"లేదు లేదు, ఆఫీసుల చెప్పలే," అంటున్నాడు గొంతు తగ్గించి. "ఎవ్వరికి తెల్వదు. సామాన్లు కట్టుడైతే అయిపోయింది. గుంపు పోయే లోపల మొత్తం ఖాళీ చేస్త."

స్వర్ణలత బండిని స్పీడ్ బ్రేకర్ చూసుకోకుండా ఎగిరించింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు సార్. ఎవరు ఫోన్ల?"

"రాంగ్ నంబర్," అన్నాడు.

రాంగ్ నంబర్‌తో సామాన్ల ముచ్చట పెట్టే మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు.

యాప్రాల్‌లో తర్వాతి ఇల్లు మూడో అంతస్తులో ఉంది. తలుపు తీసిన కుర్రాడి పేరు ఆశీష్, ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. లోపలికి అడుగుపెట్టగానే ప్రభుదాస్ ఆగిపోయాడు. హాలు నిండా తాళ్ళతో కట్టిన అట్టపెట్టెలు. గోడల మీద ఉత్త మేకులు. ఫ్యాన్ కింద రెండే రెండు ప్లాస్టిక్ కుర్చీలు.

"ఇల్లు మారుతున్న సార్," అన్నాడు ఆశీష్. "ఓనర్ ఖాళీ చెయ్యమన్నడు."

"ఏ ఇంటికి మారుతున్నవ్?"

"ఇంకా దొరకలే."

ప్రభుదాస్ నవ్వలేదు, తిట్టలేదు. ఈ జవాబు ఎన్నో గొంతుల్లో విన్నవాడిలా తలాడించాడు. "యాత్రకు ఎందుకు పోవాలనుకున్నవ్ బాబూ?"

"అమ్మ పోవాలనుకుంది. పోయిన ఏడు చనిపోయింది. ఆమె బదులు నేను."

ప్రభుదాస్ కొంచెంసేపు గోడ మీది మేకులను చూశాడు. తర్వాత అలవాటుగా నోరు తెరిచాడు. "ఒక్క గ్లాసు..."

"మీరు నీళ్ళడుగుతరని మా చర్చిల చిన్న పిల్లలకు సుత తెలుసు సార్," అన్నాడు ఆశీష్. "గ్లాసులు డబ్బాల కట్టేసిన. సీసానే ఉంది, పట్టుండ్రి. వంటిల్లు అటు. సిగ్గుపడకుండ పోయి చూసుకోండ్రి."

ప్రభుదాస్ సీసా అందుకున్నాడు. ఎత్తి గుక్కెడు తాగాడు.

"ఒక్కటడుగుత, ఏమనుకోకుండ్రి," అన్నాడు ఆశీష్. "మీ ఇంటికెవరన్న వచ్చి నీళ్ళడిగిన్రా, ఎన్నడన్న?"

పొడుగాటి మెడలో నీళ్ళు ఒక్కక్షణం ఆగి కిందికి దిగడం స్వర్ణలతకు కనబడింది. ప్రభుదాస్ సీసా మూత జాగ్రత్తగా బిగించి, కుర్చీ మీద పెట్టి, బయటికి నడిచాడు.

కింద బండి దగ్గర, "పోయేటోడు," అన్నాడు. రోజూ అన్నంత గట్టిగా అనలేదు.

"నిజంగనే ఇల్లు మారుతున్నడేమో సార్."

"అందరూ నిజంగనే అంటరమ్మా. తిరిగొచ్చేటోడు ఇల్లు ఇల్లు లెక్కనే ఉంచిపోతడు. డబ్బాలు కట్టేటోడు వాపస్ రాడు."

మధ్యాహ్నం దారి పక్క చెట్టు కింద టిఫిన్ డబ్బాలు తెరిచారు. ప్రభుదాస్ పెరుగన్నం కలిపాడు. మెతుకు కింద పడకుండా, పెద్ద చప్పుడు లేకుండా తినే మనిషి. భార్య జెరూషా పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. సికింద్రాబాద్‌లో సగం చర్చిలవాళ్ళు ఆయన మాట మీదే విమానం ఎక్కారు. ఆయన మాత్రం శంషాబాద్‌లో విమానాశ్రయం అద్దాల ఇవతలే నిలబడి, గుంపులో చివరి మనిషి ట్రాలీ కనుమరుగయ్యేదాకా చూసి, బస్సెక్కి వచ్చేస్తాడు. తిరిగొచ్చినవాళ్ళు ఒలీవ చెక్కతో చేసిన చిన్న సిలువలు తెచ్చిస్తారు. అవి ఆయన సొరుగు నిండా ఉన్నాయి. కానీ ఆయనను ఎవరూ ఇంటికి భోజనానికి పిలవరు. పిలిస్తే వచ్చి వంటింట్లోకి చూస్తాడని వాళ్ళ భయం. పెళ్ళి కార్డులు కూడా ఆఫీసుకే పంపుతారు.

"సంబురంగ ఉందా సార్, పోతున్నందుకు?" అని అడిగింది స్వర్ణలత.

"ఎవరు చెప్పిన్రు నీకు?" చప్పున మెడ తిరిగింది.

"రోనాల్డ్ సార్."

"ఇంకేం చెప్పిండు?"

"ఏం లేదు."

ఆయన ఆమె ముఖాన్ని కాస్త ఎక్కువసేపే చూశాడు. ఆ తర్వాత ఇద్దరూ నమలడం కూడా ఒకరికొకరు వినబడకుండా నమిలారు.

సాయంత్రం పనయ్యాక స్వర్ణలత బండి స్టార్ట్ చేసింది. "మీ ఇంటి దగ్గర దించుత సార్."

"బస్సుల పోత."

"దారే గద."

"నీ ఇల్లు మల్కాజ్‌గిరిల, నా ఇల్లు రాంగోపాల్‌పేట్‌ల. ఇదేం దారి?"

ఇంజన్ ఆడుతూనే ఉంది. ప్రభుదాస్ నిట్టూర్చి, హెల్మెట్ పెట్టుకుని వెనక కూర్చున్నాడు.

రాంగోపాల్‌పేట్‌లో దుకాణాల వెనక సందులో పాత రెండంతస్తుల ఇల్లు. ఆయన ఉండేది మేడ మీది గదిలో. ఇంటి ఓనర్ విమలమ్మ గుమ్మంలో పీట వేసుకుని మెంతికూర తుంచుతోంది.

"ఏందయ్యా ప్రభుదాసు, ఎన్నడు లేంది చుట్టాలను తోల్కొచ్చినవ్?"

"ఆఫీసుల పనిచేస్తది."

స్వర్ణలత గొంతు సవరించుకుంది. నేర్చుకున్న పని నాలుక చివరికి దానంతటదే వచ్చేసింది. "అమ్మా, ఒక్క గ్లాసు మంచినీళ్ళు ఇస్తరా?"

ప్రభుదాస్ మెట్ల మీదే ఆగాడు. వెనక్కి తిరగలేదు. "ఆమెనెందుకు తక్లీఫ్ ఇస్తవ్? నీళ్ళు నా తాన ఉన్నయ్. పొద్దుటికెల్లి చూస్తనే ఉన్నవ్ గద, రా, పైకొచ్చి చూడు."

తాళం తీసి తలుపు బార్లా నెట్టాడు. లైటు వేశాడు.

తాళ్ళతో కట్టిన అట్టపెట్టెలు. గోడల మీద ఉత్త మేకులు. చుట్టి నిలబెట్టిన పరుపు. యాప్రాల్‌లో చూసిన గదినే ఎవరో ఎత్తి తెచ్చి ఇక్కడ పెట్టినట్టు ఉంది.

స్వర్ణలత గుమ్మం దాటలేదు. ఫోన్లో విన్న మాట గుర్తొచ్చింది. "ఏందిది సార్?"

"విమలమ్మ ఇల్లు బిల్డర్‌కు ఇచ్చింది. వచ్చే నెల కూలగొడ్తరు. పొద్దున ఫోన్ చేసింది ఆమెనే."

"మరి ఆఫీసుల ఎందుకు దాచిన్రు?"

"చెప్తే మీరేమనుకుంటరో నాకు తెల్వదా?"

"ఏ ఇంటికి మారుతున్నరు?"

ప్రభుదాస్ నోరు తెరిచాడు. జవాబు ఇద్దరికీ ముందే తెలుసు. అయినా ఆయన చెప్పాడు. "ఇంకా దొరకలే."

ఆయన ఒక పెట్టె మీద కూర్చున్నాడు. కూర్చుంటే మెడ ఇంకా పొడుగ్గా, వంగిపోయి కనబడింది.

"అడుగు," అన్నాడు. "అడగాల్సింది ఇంకోటుంది గద. నేనైతే అడిగేటోణ్ణి."

"తిరిగొస్తరా సార్?"

"తెల్వదు బిడ్డా. నిన్న తాళ్ళు కడుతుంటే ఒక్కపారి అనిపిచ్చింది, వచ్చి ఏ ఇంటికి పోవాలె అని. మళ్ళ అనుకున్న, ఛీ, ఇదేం బుద్ధి అని. మళ్ళ అనిపిచ్చింది." చొక్కా బొత్తాం తడుముకున్నాడు. "ఈ గది చూసి నేనైతే పోయేటోడనే చెప్త. నువ్వు సుత అదే చెప్పు. పరేషాన్ గాకు. నిన్ను తప్పు పట్ట."

స్వర్ణలత ఫోన్ తీసింది. కూతురి ముఖం కళ్ళముందు ఆడింది. సగం లేచిన షట్టర్ ఆడింది. రోనాల్డ్ ఒక్క రింగుకే ఎత్తాడు. స్పీకర్ పెట్టింది.

"చూసినవా? ఏమంటవ్?"

"వచ్చేటోడే సార్."

పెట్టె మీది మనిషి తలెత్తాడు.

"పక్కానా?"

"పక్కా. యాప్రాల్ అబ్బాయి ఆశీష్ సుత వచ్చేటోడే."

"వాని సంగతి నువ్వెట్ల చెప్తవ్? ప్రభుదాస్ ఏమన్నడు?"

ఆమె ఫోన్‌ను ఆయన వైపు చాచింది. ప్రభుదాస్ దాన్ని అందుకోలేదు, ముందుకు వంగి దానితోనే మాట్లాడాడు. "నేను జెర తొందరపడ్డ సార్. పిలగాడు వచ్చేటోడే. గ్లాసులు కట్టేసినా నాకు నీళ్ళిచ్చిండు."

"నువ్వు సుత ఆడనే ఉన్నవా? సరే, ఇద్దరి పేర్లు పంపుత," అని రోనాల్డ్ లైన్ కట్ చేశాక ప్రభుదాస్ అడిగాడు. "ఏం చూసి చెప్పినవ్?"

"పోయేటోడెవడు 'తెల్వదు' అనడు సార్. వస్తం వస్తం అని ఒట్లు పెడ్తరు."

ప్రభుదాస్ లేచి, ఒక పెట్టెకు కట్టిన తాడు విప్పి, లోపలినుంచి గ్లాసు వెతికి తీసి, కడిగి, ఆమెకు నీళ్ళు ఇచ్చాడు.

వీసాలు వచ్చాయి. గది ఖాళీ అయింది. ఆయన పెట్టెలన్నీ ఆఫీసు వెనక గదిలోకి చేరాయి. గుంపు బయలుదేరిన రాత్రి స్వర్ణలత విమానాశ్రయానికి వెళ్ళలేదు. జెరెమియా, సలోమి, ఆశీష్, అందరూ లోపలికి వెళ్ళారనీ, ప్రభుదాస్ అందరికంటే చివర వెళ్ళాడనీ, అద్దాల ఇవతల ఎవరున్నారో ఒకసారి తిరిగి చూశాడనీ రోనాల్డ్ చెప్పాడు.

తెల్లారి ఆమే షట్టర్ ఎత్తింది. ప్రభుదాస్ టేబుల్ తుడవబోయి ఆగింది. మూలన ఉస్మానియా బిస్కెట్ల పొట్లం ఒకటి ఉంది. సగం తిన్నది. మెత్తబడకుండా మూతి మడిచి బట్టల క్లిప్పు పెట్టాడు. వాపస్ వచ్చి తినాలనుకునే మనిషే ఇంత భద్రంగా దాచుకుంటాడు. సోదా చేసేవాళ్ళు దేన్ని చూసి నమ్ముతారో తెలిసిన మనిషి కూడా సరిగ్గా ఇలాగే పెట్టిపోతాడు. ఆమె చాలాసేపు చూసింది. ఏదీ తేల్చలేకపోయింది.

అప్పటికే గోడ వెంట చీమల బారు మొదలైంది. స్వర్ణలత వెళ్ళి పళ్ళెంలో నీళ్ళు పోసి తెచ్చింది. మధ్యలో టీ గ్లాసు బోర్లించి, పొట్లాన్ని దాని మీద నిలబెట్టింది. చీమలు నీటి అంచుదాకా వచ్చి ఆగిపోయాయి. గ్లాసు మీద, మూతికి క్లిప్పుతో, సగం బిస్కెట్ల పొట్లం కొంచెం పక్కకు ఒరిగి నిలబడి ఉంది.