మేకుకు మిగిలిన బిళ్ళ

నేను ఒక ఇత్తడి బిళ్ళను. పదిహేడు రోజులపాటు గోడమీద వేలాడుతూ ఒక అబద్ధం చెప్పాను. నోరు లేనిదాన్ని కాబట్టి అందరూ నన్ను నమ్మారు. అందరికంటే ఎక్కువ నమ్మింది ఏడేళ్ళ పిల్ల. ఆ నమ్మకానికి దాని ప్రాణం పోబోయింది.

గోదావరికి ఇవతల, అందరూ బాయి అని పిలిచే బొగ్గుగని వర్క్‌షాపులో ఒక రేకునుంచి నన్ను గుండ్రంగా కోశారు. పైన చిల్లు పొడిచారు, నడుమ సుత్తితో 417 అని కొట్టారు. నాతోపాటు పుట్టినవాళ్ళు ఆరువందల మంది. మా అందరి కాపురం లాంప్ రూమ్‌లో. గోడంతా మేకులు, ప్రతి మేకు కిందా ఒక నంబరు. బాయి దిగే మనిషి కిటికీలోంచి తన బిళ్ళ ఇచ్చి, తలకు కట్టుకునే దీపం తీసుకుంటాడు. బిళ్ళ మేకుకు చేరుతుంది. షిఫ్టు దిగి పైకొచ్చి దీపం అప్పగిస్తే బిళ్ళ మళ్ళీ అతని చేతికి వస్తుంది. అంటే నేను మేకుకు ఉన్నానంటే నా మనిషి భూమి లోపల ఉన్నట్టు. ఇంతకంటే తేలికైన లెక్క లేదు. చదువు రాని వాళ్ళ కోసం చదువుకున్నవాళ్ళు కనిపెట్టిన లెక్క. చివరకు అది ముంచింది ఒక పిల్లను.

నా మొదటి యజమాని దగ్గుతూ రిటైరయ్యాడు. రెండోవాడు ఓదెలు. లోపల పైకప్పుకు కర్రదిమ్మెలు నిలబెట్టి, అది కూలకుండా చూడటం అతని పని. లాంప్ రూమ్ గుమాస్తా ఖాజాకూ అతనికీ రోజూ కిటికీ దగ్గర ఒక తగాదా ఉండాల్సిందే.

"నా పానం నీ మేకుకు ఏలాడ్తాంది ఖాజా బాయ్, జెర పైలం."

"నీ పానానికి చిలుం పట్టింది. చింతపండుతోని తోముకొని రాపో."

ఆదివారం ఓదెలు భార్య స్వరూప నిజంగానే నన్ను చింతపండుతో తోమేది. కూతురు వనిత నన్ను ఎండలో ఆరబెట్టి, పలకలా పట్టుకుని "నాలుగు, ఒకటి, ఏడు" అని చదివేది. సాయంత్రం షిఫ్టు దిగే వేళకు కిటికీ దగ్గరకు వచ్చి నిలబడేది. మేకుకు నేను కనిపిస్తే, "బాపు ఇంక లోపల్నే ఉన్నడు" అని తనలో తాను చెప్పుకుని, రాళ్ళ కుప్పమీద కూర్చునేది. మనుషులు పిల్లలకు నేర్పిన వాటిలో ఇదొక్కటే గట్టిగా నేర్చుకుంది.

కార్తీక మాసంలో ఒక మంగళవారం, వేళ కాని వేళ సైరన్ మోగింది. బాయిలో ప్రమాదమైతేనే అలా మోగుతుంది. మధ్యాహ్నానికల్లా ఒక్కొక్కరే పైకొచ్చి బిళ్ళలు తీసుకుపోయారు. పొద్దుగూకే వేళకు గోడమీద నేనొక్కదాన్నే మిగిలాను. ఓదెలును గోనెపట్టాలో చుట్టి పైకి తెచ్చారు. పగిలిన అతని దీపాన్ని ఎవరో బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు. ఖాజా చెయ్యెత్తాడు, నా దాకా వచ్చింది, మళ్ళీ దించుకున్నాడు. బిళ్ళ మనిషి చేతికే ఇవ్వాలన్నది అక్కడి నియమం. ఆ మనిషి చెయ్యే లేదు. నన్ను దించితే ఓదెలు పోయినట్టే అనుకున్నాడేమో ఖాజా. కాగితాల్లో మాత్రం కంపెనీవాళ్ళు అతన్ని ఆ పూటే చంపేశారు.

ఇంటి దగ్గర ఓదెలు అన్న రాజమల్లు అప్పటికే అన్నీ చక్కబెట్టాడు. ఓదెలు పోయాడన్న కబురు అందిన గంటకే వనితను మేనత్త ఊరి బస్సెక్కించాడు. "పసిపోరి, తట్టుకోదు. ఆ ముకం సూత్తె జడుసుకుంటది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. అందరూ తలలూపారు. పదమూడు రోజుల తర్వాత పిల్ల తిరిగొచ్చేసరికి తల్లి నొసట బొట్టు లేదు, చేతులకు గాజుల్లేవు. "అమ్మకు జరం" అన్నారు. "బాపేడి?" అంటే, "డబుల్ డ్యూటీ" అన్నారు. వాడకట్టంతా ఆ మాటమీదే నిలబడింది. కూరగాయలమ్మే ఆమె కూడా.

పిల్ల నేరుగా నా దగ్గరకు వచ్చింది. కిటికీ చువ్వలు పట్టుకుని, మునివేళ్ళమీద లేచి చూసింది. 417. ఉన్నాను.

"బాపు లోపల్నే ఉన్నడా ఖాజా మామా?"

ఖాజా దీపాల వైపు తిరిగాడు. "ఉన్నడు బేటా."

మర్నాడు బడిలో ఎవరో, "మీ బాపు సచ్చిపోయిండట" అన్నారు. పిల్ల వాళ్ళను కొట్టి, పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను చూసి వెళ్ళింది. ఆ మర్నాడు కూడా వచ్చింది. అప్పుడు దాని ముఖంలో ఏడుపు లేదు. లెక్క తేలినట్టు ఒక గట్టిదనం కనిపించి నాకు భయం వేసింది. మెల్లగా అడిగింది.

"మామా, తుమ్మలకాడి పాత బాయి గూడ గీ బాయిలకే పోతదా?"

ఖాజా దీపాలు తుడుస్తున్నాడు. తలెత్తలేదు. పిల్ల ఇంకేదో అడగకుండా ఉంటే చాలనుకున్నాడు. "లోపల అన్ని ఒక్కటే బిడ్డా" అనేశాడు.

ఆ మాట నిజం కాదు. తుమ్మచెట్ల దగ్గరి పాత బాయి పన్నెండేళ్ళ కిందట మూతపడింది. దాని వాలు దారి ముప్పై అడుగులు దిగేసరికి నీళ్ళు. నీళ్ళపైన గాలి కూడా మంచిది కాదు. ఒకసారి మేకపిల్ల దూరితే తాడేసి లాగాల్సి వచ్చింది. అప్పటికే కళ్ళు తేలేసింది. అడ్డంగా ఇటుకగోడ కట్టారు గానీ, ఇనపముక్కల కోసం వచ్చేవాళ్ళు దాన్ని ఒక మూల పగలగొట్టారు. పెద్దమనిషి పట్టని సందు అది. ఏడేళ్ళ పిల్ల పడుతుంది.

గురువారం రెండు గంటలకు ఖాజా చాయ్ తాగడానికి వెళ్ళాడు. పక్క తలుపు గడియ వేయలేదు. పిల్ల లోపలికి వచ్చింది, స్టూలు జరిపింది, నన్ను మేకునుంచి తీసింది. నా జీవితంలో మొదటిసారి గుమాస్తాది కాని చెయ్యి నన్ను దించింది. పుస్తకాల సంచిలో వేసుకుంది. అక్కడ పుస్తకాలు లేవు. రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిగడ్డ, నీళ్ళ సీసా, ఇంట్లోంచి తెచ్చిన టార్చిలైటు. అప్పుడర్థమైంది నాకు. అందరూ పైకొచ్చారు, బాపును మాత్రం లోపల వదిలేశారు, అతను బయటకు రావాలంటే బిళ్ళ కావాలి. పిల్ల లెక్కలో ఎక్కడా తప్పు లేదు. తప్పు లెక్క ఇచ్చినవాళ్ళది.

చాయ్ తాగి వచ్చిన ఖాజా ఖాళీ మేకును చూశాడట. తర్వాత స్వరూపతో చెబుతుంటే విన్నాను. ఇరవై ఏళ్ళుగా ఆ గోడమీద మిగిలిపోయే బిళ్ళను చూసి భయపడ్డవాడు, ఆ రోజు మొదటిసారి లేని బిళ్ళను చూసి భయపడ్డాడు. స్టూలు చూశాడు. నిన్నటి ప్రశ్న గుర్తొచ్చింది. సైకిలెక్కి, నల్లా దగ్గర నీళ్ళు పడుతున్న స్వరూపను కేకేసి, తుమ్మల వైపు తొక్కాడు.

అప్పటికే మేము గోడ దాటాం. బయట ఎండ. లోపల నాలుగడుగులకే చల్లదనం, పది అడుగులకు చీకటి. పిల్ల ఒక చేత్తో గోడ తడుముతూ, మరో చేత్తో టార్చి పట్టుకుని దిగుతోంది. "బాపూ" అంది. పైనుంచి నీటిబొట్టు పడింది. మళ్ళీ "బాపూ" అంది. పాదం నీళ్ళలో పడి, చెప్పు ఒకటి జారిపోయింది. దాని ఊపిరి కుదించుకుపోతోంది. సంచి పక్కనే దాని డొక్క. ఎగురుతున్న గుండె నాకు తగులుతోంది. టార్చి వెలుగు నీళ్ళమీద పడి, నల్లగా వెనక్కి వచ్చింది.

"వనితా!" వెనక సందులోంచి ఖాజా గొంతు. "ఆగు బేటా! కదలకు!"

పిల్ల ఒక అడుగు ముందుకే వేసింది. "నువ్వు నన్ను గుంజుకపోతవ్. మా బాపును ఇడిశిపెట్టి మీరందరు పైకచ్చిండ్రు."

ఖాజా ఇటుకలు పీకుతున్నాడు. తాను వేగంగా దిగితే పిల్ల లోతుకు పోతుందని అతనికి తెలుసు. ఇంతలో స్వరూప వచ్చింది, వెనకే రాజమల్లు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయని టార్చి వెలుగులో వాళ్ళకు కనిపించింది. రాజమల్లు తనకు తెలిసిన మందే వేశాడు.

"బాపు ఇంటికచ్చిండు బిడ్డా! నీ కోసం సూత్తాండు, ఉరికిరా!"

లోపలినుంచి సన్నటి గొంతు వచ్చింది. "అబద్ధం. బిళ్ళ నా తాన్నే ఉంది. బిళ్ళ తీసుకోకుంట ఎట్లత్తడు?" ఇంకో అడుగు. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. సంచి తడిసింది.

ఖాజా స్వరూప వైపు చూశాడు. పదిహేడు రోజులుగా ఆమె ఆ మాట అనలేదు. శవం దగ్గర ఏడ్చింది, దినాలకు ఏడ్చింది, ఆ మాట మాత్రం నాలుకమీదికి రానివ్వలేదు. ఇప్పుడు అనకపోతే పిల్ల పోతుంది. అంటే పిల్ల ఏమవుతుందో తెలియదు. స్వరూప సందులోకి తల, భుజం దూర్చి, నేలమీద కూర్చుంది.

"వనితా. బాపు సచ్చిపోయిండు."

నీటిబొట్టు పడింది. ఇంకొకటి.

"ఎప్పుడు?"

"నిన్ను అత్తోళ్ళింటికి తోలిన్నాడే. మీద బండ పడ్డది."

"నువ్వు సూసినవా?"

"సూసిన. నేనే తానం పోసిన. కాళ్ళు నేనే కడిగిన. బొటనేలు కొట్టుకుందని నువ్వు నీ రిబ్బను కట్టినవ్ గద, అది అట్లనే ఉండె."

పిల్ల నమ్మాలా వద్దా అని పరీక్ష పెడుతోంది.

"ఏ రంగు?"

"ఎర్రది. ముడి నువ్వేసిందే. నేను ఇప్పలే. దాంతోనే పెట్టినం బొందల."

"మరి బిళ్ళ?"

ఈసారి ఖాజా మాట్లాడాడు. "అది నా తప్పు బిడ్డా. నాకు తీయ చెయ్యి రాలే. లోపల మీ బాపు లేడు. నీకు అబద్ధం చెప్పిన."

టార్చి నీళ్ళలో పడింది. వెలుగు అడుగునుంచి పచ్చగా ఒక క్షణం కనిపించి ఆరిపోయింది. ఆ చీకట్లో పిల్ల వెనక్కి తిరిగింది. తల్లి గొంతు వైపు, నాలుగు కాళ్ళమీద, దగ్గుతూ పాకింది. ఖాజా దాని చొక్కా పట్టి పైకి లాగాడు. బయటికొచ్చాక అది తల్లిని వాటేసుకోలేదు. రెండు పిడికిళ్ళతో కొట్టింది. "నాకెందుకు చెప్పలే? నాకెందుకు చెప్పలే?" స్వరూప చేతులు అడ్డం పెట్టలేదు.

మర్నాడు స్వరూప పిల్లను గోదావరి ఒడ్డున ఓదెలును పూడ్చిన బొంద దగ్గరకు తీసుకుపోయింది. రాజమల్లు అడ్డుపడ్డాడు, "పోరి జడుసుకుంటది" అని. "జడుసుకోనీ బావా. నేను పక్కన్నే ఉంట" అంది. పిల్ల మట్టికుప్పను చూసింది, దాని చుట్టూ నడిచింది. తల ఎటువైపు అని అడిగింది. నొప్పయిందా అని అడిగింది. "తెల్వది బిడ్డా" అంది తల్లి. ఆ జవాబు పిల్లకు నచ్చలేదు గానీ, నమ్మింది.

నొప్పి అంతటితో తీరిపోయిందని చెబితే నేను మళ్ళీ అబద్ధమాడినట్టే. ఆ చలికాలమంతా పిల్ల పక్క తడిపింది. ఒకరోజు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, "ఆ పొద్దుగాల నేను బాపుతోని పలుకలే. అందుకేనా?" అని అడిగింది. కాదని చెప్పింది స్వరూప. వారం తిరక్కుండానే అదే ప్రశ్న. మళ్ళీ చెప్పింది. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. నంబర్లతో నేను అసలే విసిగిపోయాను. ఖాజా రిజిస్టరులో "417 బిళ్ళ పోయినది" అని రాసి, నన్ను పిల్ల దగ్గరే ఉండనిచ్చాడు. ఆ ఇంటి కోసం అతను చెప్పిన ఆఖరి అబద్ధం అది. ఓదెలు బదులు స్వరూపకు లాంప్ రూమ్‌లోనే, బాయి దిగక్కరలేని పని ఇచ్చారు.

నాలుగేళ్ళు గడిచాయి. ఈ రోజు మధ్యాహ్నం సైరన్ వేళ తప్పి మోగింది.

గోడమీద ఒక బిళ్ళ మిగిలింది, 233. స్వరూప దాని వైపు కాసేపు చూసి, చెప్పులేసుకుని, బడినుంచి వనితను వెంటబెట్టుకుని ఆ బిళ్ళ మనిషి ఇంటికి నడిచింది. పదకొండేళ్ళ వనిత గౌను జేబులో నేనున్నాను. వాకిలి నిండా మనుషులు. రోడ్డుమీద బస్సు ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. ఆరేళ్ళ పిల్ల భాగ్య కొత్త గౌనులో, చేతిలో చిన్న సంచితో అరుగుమీద నిలబడి ఉంది.

"పిల్లను జల్దెక్కించుండ్రి" అంటున్నాడో పెద్దమనిషి. "ఏం చెప్పకుండ్రి."

వనిత నేరుగా అరుగెక్కి, ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"ఏ, ఎవల పోరి నువ్వు? దిగు!"

"నా బిడ్డ" అంది స్వరూప, గుమ్మానికి అడ్డంగా నిలబడి. "మాట్లాడనియ్యిండ్రి. చెయ్యేత్తె బాగుండది."

వనిత నన్ను తీసి భాగ్య అరచేతిలో పెట్టింది. "ఇది మా బాపుది. మా బాపు బాయిల సచ్చిపోయిండు. మీ బాపు గూడ ఇయ్యాల సచ్చిపోయిండు."

వాకిట్లో ఎవరో "అయ్యో" అన్నారు. భాగ్య నన్ను తిప్పి చూసింది.

"రేపత్తడా?"

"రాడు."

"ఎల్లుండి?"

"ఎల్లుండి గూడ రాడు."

"అందరు నన్ను ఊరికి పొమ్మంటాండ్రు."

"పోవాల్నని ఉందా?"

భాగ్య అటూ ఇటూ చూసింది. కళ్ళు నిండాయి గానీ తల అడ్డంగా ఊపింది.

"అయితే ఇక్కన్నే కూసుందాం. మీ బాపును తెచ్చేదాక నేను గూడ ఉంట."

డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ కదలలేదు. రెండోసారి కొట్టి, బస్సు వెళ్ళిపోయింది. అది లేపిన దుమ్ము ఇంకా అణగలేదు, బాయి వైపునుంచి అంబులెన్స్ మోత వినిపించింది. మెల్లగా, తొందర లేకుండా వస్తోంది. భాగ్య గుప్పిట నా చుట్టూ బిగిసింది. వనిత ఆ గుప్పిటమీద తన చెయ్యి వేసింది.