కుండలోని లెక్క

రెండో గుంతలోంచి అబ్రహామును పైకి తీసేసరికి అతని నోటి నిండా బురద ఉంది. మోకు పట్టి లాగినవాళ్లలో నేనూ ఉన్నాను. ముసురు పట్టి మూడు రోజులయింది. గుంతలో నీళ్లు తోడే పంపు లేదు.

"కంపెనీ నష్టాల్లో ఉండాది. పంపు యాడనుంచి తెచ్చేది?" అన్నాడు మేనేజరు కామాక్షయ్య, గొడుగు కింద నిలబడి. శవం ముందు నిలబడి అన్న మాట అది. ఇన్నేళ్లయినా నాకు ఒళ్లు మండుతుంది.

1961 నాటి సంగతి. మనుబోలుకు పడమరగా ఉన్న అభ్రకం గని అది. నేను అక్కడి మిషన్ బళ్లో పంతుల్ని. అబ్రహాము భార్య నవోమి కంపెనీ షెడ్డులో కత్తితో అభ్రకం రేకులు చీల్చి పెట్టెలకెత్తేది. ఆమె తమ్ముడు సమాధానం ఇంకా ఆ గుంతలోకే దిగుతున్నాడు.

"మొగుడు పోయినాడు. తమ్ముడన్నా మిగలాల అయివోరా. పంపు కావాల," అంది నవోమి.

ఆ వారంలోనే పద్మనాభయ్య గారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వరి పండించే రైతు. రెండెకరాలు అమ్మి కంపెనీ షేర్లు కొని, నాలుగేళ్లుగా పైసా కళ్లజూడలేదు. "పుస్తకాలు చూపించమంటే నష్టమంటాడు. నెలాఖర్లో షేర్లోళ్ల మీటింగు. గట్టిగా అడగాలంటే ఆధారముండాల గదా?"

ఆధారం షెడ్డు ఆడవాళ్ల దగ్గర ఉంది. పెట్టెల లెక్క తగ్గించి మేస్త్రీ కూలి ఎగ్గొడుతున్నాడని, పెట్టె నిండినప్పుడల్లా ఆడవాళ్లు పనికిరాని ముక్క ఒకటి ఇంటికి తెచ్చి ఎవరి ముంతలో వాళ్లు వేసుకునేవాళ్లు. చదువురానివాళ్ల లెక్క, తప్పు పోని లెక్క. "ఏడాది ముక్కలన్నీ ఒక కుండలో పోసి మీటింగుకు తీసుకురండి" అన్నాను నేను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మీటింగులో డైరెక్టరు లెక్కలు ఇంగ్లీషులో చదివాడు. ఏడాదికి మూడు వేల పెట్టెలే అమ్ముడుపోయాయట. నష్టమట. పద్మనాభయ్య గారు లేచారు. గుమ్మంలో పన్నెండు మంది ఆడవాళ్లు నిలబడ్డారు.

"కూలోళ్లను ఎంటేసుకొచ్చినావే పద్మనాభయ్యా?" అన్నాడు కామాక్షయ్య.

"నేల అమ్మి ఇచ్చిన డబ్బయ్యా. పుస్తకాలు చూపించండి."

"ఆడిటరు చూసినాడు. చాలు."

నవోమి కుండ తెచ్చి వాళ్ల ముందు పెట్టింది. "మా లెక్క గూడా చూడండి. ముక్కకొక పెట్టె. ఎనిమిదివేల పదకొండు. మిగతా పెట్టెలు యాడికి బోయినాయి? వాటిల్లో ఒక్క పంపు రాదా?"

గెలిచామనుకున్నాను. కామాక్షయ్య కుండలో చెయ్యి పెట్టి గుప్పెడు ముక్కలు తీశాడు.

"ఇది ఎవురి మైకా?" అన్నాడు. "కంపెనీది. లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకుంటే దొంగసొత్తు. పోలీసుల్ని పిలవండి."

చెత్తకుప్పలో పారేసే ముక్కలు! అరిచాను, చేతులు పట్టుకుని బతిమాలాను. పోలీసులు పంచనామా రాశారు. ముక్కల బరువు రాశారు గానీ ఎన్ని ఉన్నాయో రాయలేదు. పద్మనాభయ్య గారు చెప్పుల్లో కాళ్లు పెడుతూ "నాకు ముగ్గురు ఆడబిడ్డలు అయివోరా" అని బండెక్కారు. ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. కుండ తెమ్మన్నది నేను.

కుండ తెచ్చిందని నవోమి ఒక్కదాన్నే జీపెక్కించారు. కదిలేముందు ఆమె నన్ను పిలిచింది. "తమ్ముణ్ణి గుంతలో దిగనీబాకండి."

మర్నాడు సమాధానం దిగాడు. దిగకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. తూర్పున మళ్లీ మబ్బు పట్టింది. నేను గట్టు మీద నిలబడి చూడటం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను.

సాయంత్రం షెడ్డు గుమ్మంలో మేస్త్రీ ఒక్కొక్కరి కొంగు విప్పించి సోదా చేస్తున్నాడు. వయసులో అందరికన్నా పెద్దదైన పోలేరమ్మ కొంగుముడి తనే విప్పింది. రెండు చింతగింజలు.

"ఇవేంది?" అన్నాడు మేస్త్రీ.

"ఈరోజు నేను నింపిన పెట్టెలు. ఇవి మా ఇంటి గింజలు. పెట్టుకో కేసు."

ఆమె వెనక పదిమందీ కొంగుముళ్లు విప్పారు.