నాలుగు దగ్గర ఆగే వేలు

విజయరత్నం మాస్టారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆస్పత్రికి తెచ్చిన రోజున డాక్టరు ఎన్ని అడిగినా ఆయన పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయారు. "మన మాటలు ఆయనకి అర్థం కావడం లేదమ్మా. ఆశ పెట్టుకోకండి" అనేశాడు డాక్టరు.

భార్య జయశీల ఆ మాట నమ్మేసింది. కూతురు ఫెబా మాత్రం నమ్మలేదు, అలాగని ధైర్యంగానూ లేదు. మధురవాడలో ఆఫీసు వదలగానే ఆస్పత్రికి ఆటో ఎక్కేది. మెట్ల దగ్గర రోజూ కాసేపు ఆగి, అప్పుడు పైకి వెళ్లేది.

ఆ సాయంత్రం చూడ్డానికొచ్చిన బంధువుతో జయశీల మంచం పక్కనే నిలబడి ఏడ్చింది. "ఈ బతుకెందుకు పిన్నీ? ప్రభువు తొందరగా పిలిసేసుకుంటే ఆయనకీ సుఖం, నాకూ సుఖం."

"అమ్మా, మెల్లిగా!" అంది ఫెబా.

"ఆయనకేటి తెలుస్తాదే?"

బంధువుని సాగనంపడానికి జయశీల బయటికి వెళ్లింది. తండ్రి చెయ్యి తుడుస్తున్న ఫెబా ఆగిపోయింది. ఎడమ చూపుడువేలు మంచం ఊచ మీద తడుతోంది. "నరాల అదురమ్మా" అంది అటు వచ్చిన నర్సు. కానీ అదురు ఆగి ఆగి వస్తుందా? మూడు దెబ్బలు. ఆగింది. ఐదు. ఆగింది. నాలుగు. మళ్లీ మొదటినించీ మూడు, ఐదు, నాలుగు.

ఫెబా తుడిచే గుడ్డ పక్కన పెట్టేసింది. చిన్నప్పుడు బస్సులో తనకి స్పెల్లింగులు నేర్పడానికి నాన్న ఆడించిన ఆట అది. ఒక అంకె పేరు ఇంగ్లీషులో రాసుకుని అక్షరాలు లెక్కపెట్టాలి. వచ్చిన అంకె పేరుతో మళ్లీ అంతే: త్రీకి ఐదు అక్షరాలు, ఫైవ్‌కి నాలుగు. ఎక్కడ మొదలుపెట్టినా ఫోర్ దగ్గరికే వచ్చి ఆగుతుంది, దానికి అక్షరాలు నాలుగే గనక.

వట్టి భ్రమేమో. వంగి చెవిలో అడిగింది. "నాన్నా, ట్వెల్వ్."

వేలు కదల్లేదు. చాలాసేపటికి వేలు లేచింది. ఆరు దెబ్బలు. తర్వాత మూడు. తర్వాత ఐదు. అక్కడ ఆగిపోయింది.

"ఇంకా ఉంది నాన్నా," అంది ఫెబా.

నాలుగు.

"అమ్మా! నాన్నకి అన్నీ తెలుస్తన్నాయే! మనం అన్నవన్నీ ఇంటన్నారు!"

పరిగెత్తుకొచ్చిన జయశీల ముఖంలో సంతోషం వెలిగింది. మరుక్షణమే పాలిపోయింది.

"అన్నీనా?" అంది నెమ్మదిగా. "ఇందాక నానన్నది కూడానా? అడగవే. అవునైతే ఒకసారి కొట్టమను."

ఫెబా అడిగింది. వేలు ఊచ మీద అలాగే ఉండిపోయింది. నిద్రపట్టిందో, చెప్పడం ఇష్టం లేదో తెలియలేదు. జయశీల ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, వదలకుండా కూర్చుంది.

మర్నాడు డాక్టరు స్వయంగా అంకెలు అడిగి చూసుకుని మందులు మార్చాడు, మాటలు నేర్పే మనిషిని పిలిపించాడు. వానలు తగ్గే వేళకి మాస్టారు ముద్దముద్దగా మాట్లాడసాగారు. ఆ సాయంత్రం సంగతి మాత్రం ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. జయశీలకి అడిగే ధైర్యం రాలేదు.